చాపకింద లెక్క

కోనసీమలో మా ఉప్పలగుప్తం మండలంలో గృహప్రవేశాలకు ఈమధ్య ఒక వరస ఏర్పడింది. ఇల్లు చూపించేవాళ్ళు ముందు వంటగదిలో అరలన్నీ లాగి చూపిస్తారు. తర్వాత పూజగది తలుపు మీద చెక్కించిన లక్ష్ముల్ని చూపిస్తారు. చివరికి హాల్లోకి తీసుకొచ్చి సోఫా ముందు పరిచిన రగ్గు దగ్గర ఆగుతారు. మీగడ రంగు మీద వంకరటింకర నల్లగీతలు, ఆ గీతలు కలిసి డైమండు గళ్ళు. "మొరాకో డిజైనండి, మావాడు ఆన్‌లైన్లో తెప్పించాడు" అంటారు. మీరు చెప్పులు గుమ్మం బయటే విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చినా సరే, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తే బాగుండునన్నట్టు చూస్తారు.

దాని అంచు ఒకటి ఎత్తి వెనక్కి తిప్పితే వెనక గుడ్డ అంటించి ఉంటుంది. ఆ గుడ్డకీ పైన మెత్తగా కనపడే పోగులకీ మధ్య ఉన్నది జిగురు. మూలన కుట్టిన చీటీ మీద నూటికి నూరు పాలియెస్టర్ అనో, పాలీప్రొపిలీన్ అనో ఉంటుంది. తయారైంది చాలాసార్లు పానిపట్‌లోనో, భదోహీ చుట్టుపక్కలో. అంచున వేలాడే కుచ్చులు కూడా విడిగా కుట్టినవే. చేత్తో ముడివేసిన తివాచీకి కుచ్చు విడిగా ఉండదు. మగ్గం మీద పడుగుగా సాగిన దారమే చివర కుచ్చుగా మిగులుతుంది. తిరగేస్తే పైన ఉన్న బొమ్మే ముడి ముడికీ వెనకా కనపడుతుంది.

ఆ గళ్ళు అసలు పుట్టింది మొరాకోలో, మధ్య అట్లాస్ కొండల్లో. బెనీ ఒరైన్ అని పిలిచే అమాజిగ్ తెగల ఆడవాళ్ళు తమ గొర్రెల ఉన్ని వడికి, రంగు ముంచకుండా, నిలువు మగ్గం మీద ఒక్కో ముడే వేసుకుంటూ నేసిన పడక అది. ఆ ముదురుగీత కూడా చాలా పాతవాటిలో అద్దకం కాదు, నల్లగొర్రె ఉన్నే. మంచు పడే కొండల్లో పరుచుకోవడానికీ కప్పుకోవడానికీ పనికొచ్చేలా దాన్ని అంత దళసరిగా నేస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో యూరప్ ఆర్కిటెక్టుల కంటపడింది. అక్కణ్ణుంచి ఇళ్ళ అలంకరణ పత్రికల్లోకి, అక్కణ్ణుంచి ఫోన్లలోకి, అక్కణ్ణుంచి ఉప్పలగుప్తం హాల్లోకి వచ్చింది. మే నెల మధ్యాహ్నం కొబ్బరాకు కదలని ఉక్కలో మనకి కొండచలి పడక మీద కూర్చోవాలనిపించిందేమిటా అని నవ్వుకోవచ్చు. నవ్వితే పోయే సంగతైతే ఇంత రాయనక్కర్లేదు.

ఇక్కడ మోసపోయినవాళ్ళెవరూ లేరు. రెండు వేలు పెట్టి కొన్నవాడికి అది ఉన్ని కాదని తెలుసు. చేత్తో నేసింది కాదనీ తెలుసు. వాడికి కావలసింది ఆ పోలిక, అంతే. నేసిన చెయ్యి మాత్రం అక్కర్లేదు. మన కాళ్ళకింద ఏది పరిచినా దాన్ని చేసినవాళ్ళ సంగతి అక్కర్లేదన్న అలవాటు మనకి రగ్గుతో వచ్చింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే.

ఇక్కడ బస్సెక్కితే రావులపాలెం మీదుగా ఒక పూటలో ఏలూరు వెళ్ళొచ్చు. ఉన్నితో, చేత్తో ముడివేసిన తివాచీ కావాలంటే మనకి దగ్గరి ఊరు అదే. పారశీకం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల చేతుల్లో ఆ పని మొదలైంది. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరాన ఉండి వెళ్ళి, దాని మీద పుస్తకం రాసిన డచ్చివాడు డేనియల్ హావర్ట్ ఏలూరు తివాచీల సంగతి ఎత్తాడు. ఓడలెక్కేది బందరు రేవులో కాబట్టి బయటి దేశాలవాళ్ళు ఈ ప్రాంతపు తివాచీలన్నిటినీ బందరు తివాచీలనే అనేవారు. జపాన్‌లో క్యోటో నగరంలో ఏటా జూలైలో గియోన్ పండగ జరుగుతుంది. వీధికో రథం తీస్తారు. ఆ రథాల పక్కలకి ఈనాటికీ కట్టే అలంకారాల్లో దక్కన్ తివాచీలు ఉన్నాయి. డచ్చి కంపెనీ ఓడల్లో వెళ్ళిన సరుకు అది. ఒక్కో వీధివాళ్ళు తమ తివాచీని మూడొందల ఏళ్ళుగా తరం నుంచి తరానికి అప్పజెప్పుకుంటూ, పండగనాడు బయటికి తీసి, మళ్ళీ మడిచి దాచుకుంటున్నారు. మన పక్క నేలమీద ముడిపడిన ఉన్ని అక్కడ దేవుడి రథానికి ఎక్కింది.

1880లో 'ఇండస్ట్రియల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా' రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ ఈ బందరు తివాచీల గురించి వాపోయాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవనీ, ఇంగ్లండు వర్తకులు చవక చవక అని పట్టుబట్టి, నాసిరకం సరుకు చేతికిచ్చి నేయించడంతో చెడిపోయాయనీ అతని మాట. ఇది చదివినప్పుడల్లా తెల్లవాణ్ణి తిట్టుకుని ఊరుకోవడం మనకి హాయిగా ఉంటుంది. మనం అతనికన్నా ఒక మెట్టు కిందే ఉన్నాం. ఇంగ్లండువాడు బేరమాడి, పాడుచేసైనా కొన్నాడు. మనం కొననే లేదు. ధాన్యం అమ్మిన డబ్బు, కొబ్బరి డబ్బు, తర్వాత రొయ్యల డబ్బు కళ్ళజూసిన కోనసీమ పెద్దిళ్ళలో బర్మా టేకు మంచాలున్నాయి, కంచు గుండిగలున్నాయి, గోడగడియారాలున్నాయి. ఏలూరు తివాచీ ఉన్న ఇళ్ళని వెతుక్కోవాలి. ఏలూరు మగ్గాల సరుకులో ఎక్కువభాగం సముద్రం దాటిపోయిందని గర్వంగా చెప్పుకుంటాం. గోదావరి దాటి ఇటు రాలేదెందుకని అడగం.

ధర అంటారు. సరే, ధరే చూద్దాం. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న తివాచీ ఒకటి. చదరపు అంగుళానికి ముప్పై ముళ్ళు వేసుకోండి, అదేమీ సన్నపని కాదు. మొత్తం లక్షా మూడు వేల ఆరొందల ఎనభై ముళ్ళు. ప్రతి ముడికీ ఒక పోగు తియ్యాలి, రెండు పడుగు దారాల చుట్టూ తిప్పాలి, కిందికి లాగాలి, కత్తితో తెంపాలి. వరస పూర్తయ్యాక పేక తోసి, ఇనప పంజాతో దిగ్గొట్టాలి. చెయ్యి తిరిగినవాళ్ళు రోజుకి ఆరు వేల ముళ్ళు వేస్తారనుకున్నా పదిహేడు రోజులు దాటిపోతుంది. ఉన్ని అద్దడం, పడుగు సాగదీయడం, ఆఖరున కత్తెరతో చదును చెయ్యడం, ఉతికి ఆరబెట్టడం ఇందులో కలపలేదు. మనూళ్ళో కొబ్బరికాయ దింపు తీసేవాడికి రోజుకి ఎంతిస్తున్నామో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దాన్ని పదిహేడుతో గుణించి, ఉన్ని ఖరీదు కలిపితే వచ్చే అంకె చూసి మన నోటివెంట వచ్చే మొదటి మాట, "అమ్మో, ఆన్‌లైన్లో రెండు వేలకే ఇస్తన్నాడు కదండీ."

దింపు కూలి ఎందుకు పెంచాలో మనకి అర్థమైంది, ఎందుకంటే చెట్టెక్కేవాళ్ళు దొరక్క కాయ చెట్టుమీదే ఎండిపోయింది. ముడివేసేవాళ్ళు దొరక్కపోతే మనకి ఏ పనీ ఆగలేదు. అందుకని అర్థంకాలేదు.

ఏలూరు దూరం, ఉన్ని మనది కాదు అంటే ఒప్పుకుంటాను. చాప మనదే కదా. ఈతాకు కోసి, ఎండబెట్టి, నీళ్ళు చిలకరించి మెత్తబరిచి, నేలమీద గొంతుక్కూచుని, అల్లినంత మేరా కాలికింద నొక్కిపట్టి ఏటవాలుగా అల్లుకుంటూ పోయేవాళ్ళు. అంచు దగ్గరికొచ్చేసరికి ఆకు కొసల్ని లోపలికి మడిచి దూర్చేస్తే, అల్లిక ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. కొత్త చాపకి ఒక పచ్చివాసన ఉండేది. వేసవిలో దానిమీద పడుకుంటే లేచేసరికి వీపుమీద గళ్ళు పడేవి. తుంగచాప ఇంకా మెత్తన. పెళ్ళిలో విడిదింటికి, పురిటి గదికి, భోజనాల బంతికి, ధాన్యం ఆరబోతకి, ఆఖరికి శవాన్ని దింపడానికీ చాపే.

దాన్ని కొనేటప్పుడు మనం ఎలా ఉండేవాళ్ళం? చాపలు నెత్తిన పెట్టుకుని వచ్చినామెని అరుగు కిందే నిలబెట్టి, మనం అరుగుమీద కూర్చుని, చాప నాలుగు మూలలూ పట్టి లాగి, "ఆకు లేతది, ఆర్నెల్లు కూడా రాదు" అని మొదలుపెట్టేవాళ్ళం. చెప్పినదాంట్లో సగం దగ్గర బేరం తెగేది. కొన్నాళ్ళు ధాన్యమే కొలిచేవాళ్ళం. ఆ కుంచంలో పైన పోగు ఉండకుండా అరచేత్తో రాసేవాళ్ళం. ఇంట్లోకి వచ్చాక ఆ చాపమీద కూర్చునే హక్కు అల్లినామెకి ఉండేది కాదు. ఎవరొస్తే కుర్చీ, ఎవరొస్తే మంచం, ఎవరొస్తే చాప, ఎవరొస్తే ఒట్టి నేల అన్నది మన ఇళ్ళలో ఎవరూ రాసిపెట్టలేదు. పసిపిల్లలక్కూడా తెలుసు. పొలంలో పాలికాపు మూడు తరాలు అదే పెరట్లో అన్నం తిన్నాడు, ఒట్టి నేలమీద. అతని ఎదురుగుండానే చుట్టచుట్టి నిలబెట్టిన చాప ఉండేది.

ఇప్పుడు 2011కి వస్తాను. ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం. మురుగు తీతలేదు, కూలి పెరిగింది, ఎరువు పెరిగింది, ధాన్యానికి ధర లేదు, గిట్టుబాటు కాని సాగు మేం చెయ్యం అన్నాం. కాటన్ దొర ఆనకట్ట కట్టాక బీడుపడ్డం ఎరగని చేలు బీడుపెట్టాం. దేశమంతా మనవైపు తిరిగి చూసింది. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. అన్నం పెట్టేవాడే అలిగాడని పత్రికలు రాశాయి. మన మాట నూటికి నూరుపాళ్ళూ సబబు. ఈరోజుకీ సబబే.

అదే మాట అంతకు ముందు ఇరవై ఏళ్ళనుంచీ చాప అల్లేవాళ్ళు అంటున్నారు. పైకి అనలేదు, అనడానికి వాళ్ళకి సంఘం లేదు. ఆకు తెచ్చుకోవడానికి అయ్యే కూలైనా రాకపోతే మానేశారు. అదీ పని విరామమే. దానికి కమిటీ పడలేదు. విలేకరి రాలేదు. పంటకాలవ గట్టుమీద సభపెట్టి గిట్టుబాటు గురించి గొంతు చించుకున్న మనం, ఆ రోజుల్లోనే అమలాపురం బజారుకెళ్ళి ప్లాస్టిక్ చాపలు కొనుక్కుని సైకిలు వెనక కట్టుకొచ్చాం. తడిసినా పాడవదు, పురుగు పట్టదు, తుడిస్తే చాలు అని ఒకరికొకరు చెప్పుకున్నాం. అవన్నీ నిజమే. ఏ అబద్ధమూ ఆడకుండానే ఒక పనిని చంపొచ్చని ఇప్పుడు తెలుస్తోంది.

పంట విరామం తర్వాత చాలా చేలు రొయ్యల చెరువులయ్యాయి. మురుగుకాలవల వెంట తుంగ కోసుకునే చోట ఏరియేటర్లు తిరుగుతున్నాయి. దాని గురించి చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను.

చాపలు మానేసిన ఇళ్ళనుంచి, కూలిపనుల ఇళ్ళనుంచి ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళారు. కువైట్, మస్కట్, బహ్రెయిన్, దోహా. రాజోలు, మామిడికుదురు, మలికిపురం, అల్లవరం, మన మండలం. ఇంటిపనికిచ్చే కద్దామా వీసా అంటే ఏమిటో ఇక్కడ ఎనిమిదో తరగతి పిల్లకి కూడా తెలుసు. ఆ దేశాల్లో తివాచీ లేని ఇల్లుండదు. దాన్ని మిషన్ పెట్టి దుమ్ము లాగేది, వారానికోసారి ఎత్తి దులిపేది, పండగలముందు నురగపోసి బ్రష్షుతో తోమి మేడమీద ఆరేసేది మన ఆడవాళ్ళు. రోజంతా దానిమీద మోకాళ్ళ మీద ఉంటారు కాబట్టి వాళ్ళకి తెలుసు, ఏది ఉన్నో, ఏది పట్టో, ఏది మిషన్‌దో, ఏది తడిస్తే గొర్రెవాసన వేస్తుందో, ఏది తోమేకొద్దీ మెరుస్తుందో. కోనసీమ మొత్తంమీద తివాచీ గురించి తెలిసిన మనుషులు ఎవరైనా ఉంటే వాళ్ళే. ఒక్కరినీ అడగలేదు. ఎంత పంపావు, వీసాకి ఎంత కట్టావు, అప్పు తీరిందా అని మాత్రం అడిగాం.

సెలవుమీద వచ్చేటప్పుడు వాళ్ళు ఒక తివాచీ చుట్టచుట్టి తెచ్చేవాళ్ళు. సెలయేటి దగ్గర లేళ్ళు, పరుగెత్తే గుర్రాలు, క్రైస్తవుల ఇళ్ళలో ప్రభురాత్రి భోజనం. నేలమీద పరిచేవాళ్ళు కాదు, గోడకి మేకులు కొట్టి తగిలించేవాళ్ళు. పైఅంచు మేకుకీ మేకుకీ మధ్య కొద్దిగా కిందికి జారి, శిష్యుల తలలమీద గుడ్డ అలలా ఉండేది. కొన్నేళ్ళకి సముద్రపుగాలికి మేకు తుప్పుపట్టి ఎర్రటి చార దిగేది. అయినా తియ్యలేదు. ఆ గోడ సగం ఆమె చాకిరీ, సగం ఆమె ఇంట్లో లేని సంవత్సరాలు. ఆ ఇళ్ళముందునుంచి వెళ్తూ "తివాచీ గోడకి కట్టారేంట్రా, అభిరుచి లేదు" అని నవ్వినవాళ్ళం మనమే. డబ్బొచ్చింది గానీ పద్ధతి రాలేదు అన్నాం. ఇవాళ మన హాల్లో ఉన్నదీ మిషన్ సరుకే. బొమ్మ మారింది, గోడనుంచి నేలకి దిగింది, దానికి మనం అభిరుచి అని పేరుపెట్టుకున్నాం. ఆమె తన కూలితో కొంది. మనది ఆన్‌లైన్లో సగం డిస్కౌంటు.

ఒక పెద్దాయనతో ఈ సంగతి మాట్లాడితే, "ఒరేయ్ అబ్బాయ్, ఉన్ని మన నేలకి పడదురా. శ్రావణం వచ్చేసరికి బూజు పడద్ది" అన్నారు. కాదనలేను. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకుని కూడా పైకి పొడిగానే ఉన్నట్టుంటుంది. మనూళ్ళో గోడలే చెమ్మగిల్లే వానాకాలంలో, కింద గాలాడని గ్రానైటుమీద దాన్ని పరిచి వదిలేస్తే ముక్కవాసన వేస్తుంది, చిమ్మెట పడుతుంది. ఏలూరు తివాచీ మన హాలుకి వద్దనుకున్నా తప్పులేదేమో. మరి మన నేలకి పడేది, ఉప్పుగాలిని తట్టుకునేది ఏదని అడిగితే జవాబు పెరట్లోనే ఉంది.

కోనసీమలో లక్ష ఎకరాలకు పైగా కొబ్బరి ఉంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పలికితే మనకి తెల్లారుతుంది. ఆ కాయలు ఒలిచిన డొక్కలు కళ్ళంలో గుట్టలు. కొంత పొయ్యిలోకి, కొంత ఇటుకబట్టీలోకి, మిగతాది పీచు మిల్లుకి. ఆ మిల్లుల్లో పొట్టు ఎగిరే షెడ్లలో, ముక్కుకి కొంగు కట్టుకుని పీచు దులిపి ఆరబెట్టేది మళ్ళీ ఆడవాళ్ళే. ఆరిన పీచు బేళ్ళయి రాష్ట్రం దాటిపోతుంది. కేరళలో అలప్పుజ మగ్గాలమీద కొబ్బరిపీచు చాపగా, తివాచీగా, గుమ్మంముందు పట్టాగా మారుతుంది. వెల్‌కమ్ అన్న అక్షరాలతో తిరిగొచ్చి అమలాపురం కొట్లో వేలాడుతుంది.

కాయిర్ అనే ఈ కొబ్బరిపీచు పరిశ్రమకి 1953లోనే చట్టం వచ్చింది, దాని కింద బోర్డు వచ్చింది. ఆ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలో ఉంది. పీచు తాడు పేనడంలో, చాపలు నేయడంలో ఆడవాళ్ళకి శిక్షణలు జరిగాయి. స్టైపెండు ఇచ్చారు, సర్టిఫికెట్లిచ్చారు, ఫొటోలు దిగాం. ఫొటోలో ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్నది మనం. ఆ ఆడవాళ్ళు పేనిన తాడు తర్వాత ఎవరు కొన్నారు? పందిళ్ళకి నైలాను తాడు కొన్నాం. గేదెకి నైలాను పలుపు కొన్నాం. చెరువుగట్టు కోసుకుపోకుండా కొబ్బరిపీచు వలలు పరవొచ్చని వేరే దేశాలవాళ్ళకి తెలుసు. మనం బ్లాకుబ్లాకుగా నల్ల ప్లాస్టిక్ షీట్లు దింపాం. ప్రభుత్వం ఏం చేసిందని అడగడం మనకి బాగా వచ్చు. శిక్షణ ప్రభుత్వం ఇస్తుంది సరే. కొనాల్సింది పక్కింటివాళ్ళు. పక్కింటివాళ్ళంటే మనం.

ఇల్లంటే ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ అందరం కలిసి కొనేవి కూడా ఉంటాయి కదా. మన మండలంలో గుళ్ళు, చర్చిలు, కల్యాణ మండపాలు, బళ్ళు, పంచాయతీ ఆఫీసులు ఎన్నున్నాయో చూసుకోండి. వాటన్నిటికీ నేలమీద పరిచేది ఏదో ఒకటి కావాలి, ఏటా కావాలి. ఆ కమిటీలన్నిటిలోనూ ఉన్నది మనమే. కొటేషన్లు పిలిచేదీ, అందరికన్నా తక్కువ ధర వేసినవాడికి రాసేదీ, పక్కన సంతకం పెట్టేదీ మనమే. ధాన్యానికి మద్దతు ధర కావాలనీ, కొబ్బరికి నాఫెడ్ కేంద్రం తెరవాలనీ మనం పెట్టిన మీటింగుల్లో కూడా వేదిక నిండా పరిచింది టెంట్‌హౌస్ వాడి ఎర్ర ప్లాస్టిక్ కార్పెట్టు. దాన్ని అద్దెకి తెచ్చేటప్పుడు కూడా వంద తగ్గించమని బేరమాడాం.